మీరు 23 తప్పులు రాశారు సరే, అతను ముందు చూడాల్సింది ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. ఫ్రంట్ ఎండ్ (వెబ్ పేజీలో కంటికి కనిపించే భాగం) నేర్చుకుంటున్న ఒక కుర్రాడు తన మొదటి పోర్ట్‌ఫోలియో పేజీ, అందులోనే ఒక చిన్న టు-డూ యాప్ (చేయాల్సిన పనుల జాబితా) చేసి, "ఎలా ఉందో చూసి చెప్పండన్నా" అని లింకు పంపాడు. మీరు సాయంత్రమంతా కూర్చుని కోడంతా చదివి 23 పాయింట్లు రాసి పంపారు. "థాంక్స్ అన్నా" అని ఒక్క ముక్క వచ్చింది. మూడు వారాలు గడిచాయి, అతను కోడు ఉంచే రెపోలో ఒక్క కమిట్ కూడా, అంటే ఒక్క మార్పు కూడా, పడలేదు. తప్పులు చెప్పడమే తప్పా, చెప్పిన తీరు తప్పా అని అడిగారు. ఆ 23 పాయింట్లూ ప్రశ్నలోనే పెట్టారు కాబట్టి అవి చూసే మాట్లాడుతున్నాను.

సాంకేతికంగా వాటిలో ఒక్కటి కూడా తప్పు లేదు, ఆ మాట ముందే చెప్పేస్తాను. చిక్కల్లా ఎక్కడుందంటే, మీ జాబితాలో 4వ పాయింటు "ఇన్‌పుట్‌కి లేబుల్ లేదు", 17వ పాయింటు "ఇండెంటేషన్ కొన్నిచోట్ల రెండు స్పేసులు, కొన్నిచోట్ల నాలుగు". రెండూ ఒకే జాబితాలో, ఒకే గొంతుతో ఉన్నాయి. వాటి మధ్య తేడా మీకు కొండంత కనిపిస్తుంది. అతనికి కనిపించదు. కనిపిస్తే అతను బిగినరే కాడు. ఏది ముందు, ఏది తర్వాత, ఏది ఏడాదిపాటు వదిలేసినా ఫర్వాలేదు అన్న అంచనా మీ దగ్గరుంది, అతని దగ్గర లేదు. మీరు అది ఒక్కటి దాచుకుని మిగతాదంతా ఇచ్చారు. వట్టి తప్పుల చిట్టాయే కావాలంటే క్రోమ్‌లో లైట్‌హౌస్ అనే తనిఖీ పనిముట్టు నడిపినా, డబ్ల్యూ3సీ వ్యాలిడేటర్‌లో పేజీ అడ్రసు ఇచ్చినా నిమిషంలో వస్తుంది. మనిషిని అడిగాడంటే అందులోంచి ఏరి ఇస్తారనే.

నేనూ ఈ పని చేసినవాణ్ణే. చాలా ఏళ్ళ కిందట ఒక అమ్మాయి తను చేసిన క్విజ్ యాప్ పంపితే, జావాస్క్రిప్ట్ ఫైలు మొత్తం నా పద్ధతిలో తిరగరాసి ఇచ్చాను. 180 లైన్లు 60కి దిగాయి. నా భుజం నేనే తట్టుకున్నాను. తర్వాత ఆమె ఇంకో ప్రాజెక్టు పంపింది. పాత తప్పులన్నీ పదిలంగా ఉన్నాయి, వాటి మధ్యలో నేను రాసిన ఫంక్షన్ ఒకటి, అక్కడ అవసరమే లేకపోయినా, అతికించి ఉంది. ఆమె హోంవర్కు నేను చేసిపెట్టాను, అంతకుమించి ఏమీ జరగలేదు. అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. తప్పు పేరు చెప్పడం, మందు రాసివ్వడం వీలైనంత తగ్గించి, ఆ తప్పు తన కళ్ళకే కనబడాలంటే ఏం చేసి చూడాలో అది చెబుతాను. ఒక ఫిక్స్ ఒక్క ప్రాజెక్టుకే పనికొస్తుంది. చూసే పద్ధతి తెలిస్తే తర్వాత చేసే ప్రతి పేజీకీ వాడుకుంటాడు.

మీ 8వ పాయింటే తీసుకోండి: "సెమాంటిక్ హెచ్‌టీఎంఎల్ వాడలేదు, డివ్‌కి ఆన్‌క్లిక్ పెట్టారు." అంటే, బటన్ అని అర్థం చెప్పే ట్యాగ్ బదులు డివ్ అనే ఒట్టి పెట్టెనే నొక్కితే పనిచేసేలా రాశాడని. ఇది చదివిన బిగినర్ బుర్రలో ఏం జరుగుతుంది? నొక్కితే పనిచేస్తోంది కదా, మరి ఇబ్బందేంటి అనుకుంటాడు. సెమాంటిక్ అన్న మాట పెద్దవాళ్ళ మర్యాదలాంటిదేదో అనుకుని పక్కన పెడతాడు. దాని బదులు నేనైతే ఇలా రాస్తాను: "మౌస్ పక్కన పెట్టేయ్. పేజీ రీలోడ్ చేసి, ఒట్టి ట్యాబ్ కీతో 'యాడ్' బటన్ దాకా వెళ్ళి, ఎంటర్ కొట్టి ఒక పని చేర్చి చూడు." అంతే. ట్యాబ్ కొడతాడు. ఫోకస్ ఇన్‌పుట్ మీద ఆగుతుంది, ఇంకోసారి కొడితే 'యాడ్'ని దాటి ఎక్కడో కింద ఉన్న లింకు మీదికి దూకుతుంది. వెనక్కి వస్తాడు, మళ్ళీ కొడతాడు. బటన్ దొరకదు. ఆ అరనిమిషం చిరాకు ఉంది చూశారూ, అది ఏ వ్యాసమూ నేర్పలేదు. ఆ తర్వాత ఒక్క వాక్యం చాలు: డివ్ బదులు బటన్ ట్యాగ్ పెడితే ట్యాబ్‌తో ఆగడం, ఎంటర్‌కీ స్పేస్‌కీ పలకడం, స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చదివి వినిపించడం అన్నీ బ్రౌజరే చూసుకుంటుంది. ఎవరికోసం ఇదంతా అన్నదీ అప్పుడే చెప్పాలి. మౌస్ పట్టుకోలేనివాళ్ళు, స్క్రీన్ చూడలేనివాళ్ళు ఆ పేజీకి వస్తే వాళ్ళ పరిస్థితి ఇందాక తను పడ్డ అరనిమిషమే, కాకపోతే వాళ్ళకి పక్కన పెట్టిన మౌస్ తిరిగి తీసుకునే వీలు ఉండదు.

ఇదే పరీక్షలో ఇంకొకటి కూడా బయటపడుతుంది. చాలామంది ఎక్కడో చూసి అవుట్‌లైన్ నన్ అని ఒక లైను పెట్టేస్తారు, ఫోకస్ ఎక్కడుందో చూపించే నీలం గీత అందంగా లేదని. ట్యాబ్ కొడుతూ పోతే తను ఎక్కడున్నాడో తనకే తెలియదు. గీత నచ్చకపోతే ఫోకస్-విజిబుల్‌కి తనకి నచ్చిన గీత వేసుకోమని చెబితే సరిపోతుంది, ఉపన్యాసం అక్కర్లేదు.

కోడు తెరవకముందే పేజీతో ఓ పది నిమిషాలు గడపండి. మీరు నేరుగా రెపోలోకి వెళ్ళి ఫైళ్ళు చదివారని మీ పాయింట్ల వరస చూస్తేనే తెలుస్తోంది: ఇండెక్స్ ఫైలు పైనుంచి కిందికి, తర్వాత స్టైల్ షీటు పైనుంచి కిందికి. వాడేవాడు పేజీని ఆ వరసలో చూడడు. నేను ముందు విండో వెడల్పు 320 పిక్సెళ్ళకి కుదిస్తాను. ఆ అంకె నా సొంతం కాదు. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 2.1 వెర్షన్, అంటే 2018 నుంచీ, మామూలు పేజీ ఆ వెడల్పులో పక్కకి జరపాల్సిన పని లేకుండా చదవగలిగేలా ఉండాలని అడుగుతున్నాయి. 1280 పిక్సెళ్ళ స్క్రీన్ మీద 400 శాతం జూమ్ చేసుకుని చదివేవాళ్ళకి మిగిలేది ఆ 320 పిక్సెళ్ళే. తర్వాత ట్యాబ్ కీ. తర్వాత ఇన్‌పుట్‌లో ఏమీ రాయకుండా ఎంటర్, ఆపైన గ్యాపు లేకుండా 80 అక్షరాల మాట ఒకటి కొట్టి ఎంటర్. చివర్లో, బ్రౌజర్ తప్పులు రాసిపెట్టే కన్సోల్ తెరిచి ఎర్ర గీతలేమైనా ఉన్నాయేమో చూడటం. ఇదంతా అయ్యేసరికి కోడులో ఏ లైను వెతకాలో దాదాపు తెలిసిపోతుంది.

ఇంకా ముందు, అసలు పేజీ కూడా తెరవకముందు, అతన్ని రెండు మాటలు అడగాలి. ఇందులో ఏం నేర్చుకోవాలని మొదలుపెట్టావు, ఎక్కడ ఎక్కువసేపు ఆగిపోయావు? ఫ్లెక్స్‌బాక్స్ (పెట్టెల్ని వరసగా పేర్చే పద్ధతి) ప్రాక్టీసుకని చేసిన పేజీకి జావాస్క్రిప్ట్ ఫంక్షన్ల పేర్ల మీద విమర్శ రాస్తే అది గాలికి పోతుంది. రెండో ప్రశ్నకి వచ్చే జవాబైతే బంగారం. "మెనూ కార్డుల కిందికి వెళ్ళిపోతోంది, రెండు రోజులు పట్టింది, చివరికి జెడ్-ఇండెక్స్ 9999 పెడితే వచ్చింది" అన్నాడనుకోండి (జెడ్-ఇండెక్స్ అంటే ఏది పైన, ఏది కింద అని చెప్పే అంకె), అతనికి ఏ పాఠం కావాలో అతనే చెప్పేశాడు.

ఇప్పుడు మీ జాబితాలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించిన విషయం. 6, 9, 11, 14, 15, 20 పాయింట్లు చూడండి. ఫూటర్‌కి 640 పిక్సెళ్ళ మార్జిన్-టాప్ ఎందుకు, జెడ్-ఇండెక్స్ 9999 ఎందుకు, మిగతా స్టైళ్ళని తోసిపుచ్చే ఇంపార్టెంట్ అన్నది ఏడుసార్లు ఎందుకు, ఫోన్‌లో పరిచయం పేరా కార్డుల మీద పడుతోంది, సెక్షన్ ఎత్తు పిక్సెళ్ళలో బిగించేశారు, నెగటివ్ మార్జిన్లు. మీకు ఇవి ఆరు తప్పులు. నాకు ఇది ఒకే తప్పు, ఆరుచోట్ల తేలింది. ఎలాగంటారా? అతను పరిచయం పేరాని, ఫోటోని అనుకున్నచోట పెట్టడానికి పొజిషన్ అబ్సల్యూట్ వాడాడు. అబ్సల్యూట్ పెట్టిన మరుక్షణం ఆ ఎలిమెంట్ పేజీ వరసలోంచి బయటికి వచ్చేస్తుంది, దానికోసం ఎవరూ చోటు ఉంచరు. దాంతో ఆ సెక్షన్ ఎత్తు కుప్పకూలింది, అందుకని ఎత్తు పిక్సెళ్ళలో బిగించాడు. అదీ చాలక ఫూటర్ పైకి ఎగబాకింది, అందుకని 640 పిక్సెళ్ళ మార్జిన్‌తో కిందికి నెట్టాడు. ఒకదానిమీద ఒకటి పడుతుంటే జెడ్-ఇండెక్స్ పెంచాడు. ఫోన్‌లో చెదిరిపోతే మీడియా క్వెరీలో (స్క్రీన్ వెడల్పుని బట్టి స్టైల్ మార్చే నియమం) ఇంపార్టెంట్ తగిలించాడు. ప్రతి అడుగూ అతని లెక్కలో సబబే. మొదటి అడుగు ఒక్కటే పక్కకి పడింది. బ్రౌజర్ తనంతట తానే ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోతుందని, ఎత్తు లోపలున్న రాతని బట్టి పెరుగుతుందని అతనికి ఇంకా పట్టుబడలేదు. పేజీ అంటే పోస్టర్ అనుకుంటున్నాడు.

ఆరు పాయింట్లు రాస్తే ఆరింటికీ ఆరు అతుకులు వేస్తాడు, పేజీ ఇంకా ఘోరంగా తయారవుతుంది. అతనికి ఇవ్వాల్సింది ఒక్క పరీక్ష: "పరిచయం పేరాలోని రాతని కాపీ చేసి అదే పేరా లోపల ఇంకోసారి పేస్ట్ చెయ్, రాత రెట్టింపు కావాలి. ఏం జరిగిందో చూడు." రాత కార్డుల మీదికి పాకిపోతుంది. 640 అన్న అంకె ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తనకే గుర్తొస్తుంది: ఆ రోజు ఆ రాతకి, ఆ స్క్రీన్‌కి సరిపోయిన అంకె. తర్వాత ఇంకో అడుగు చెప్పండి: "పొజిషన్ అన్న లైన్లన్నీ కామెంట్లో పెట్టి, ఒట్టి పేజీ ఎలా పేరుకుంటుందో ఓ నిమిషం చూడు. తర్వాత ఫోటో, పేరా రెండిటినీ ఒక పెట్టెలో పెట్టి దానికి డిస్‌ప్లే ఫ్లెక్స్ ఒక్కటే ఇవ్వు." మీ 23లో ఆరు అక్కడికక్కడే రాలిపోతాయి. ఫీడ్‌బ్యాక్ రాసేముందు జాబితా ఒకటి మీకోసం రాసుకోవడం మంచిదే. కానీ పంపేముందు దాని ఎదురుగా కూర్చుని ఏవేవి ఒకే వేరునుంచి పుట్టాయో చూడండి. నాకు తెలిసి బిగినర్ ప్రాజెక్టులో పాతిక తప్పులుంటే వేర్లు మూడో నాలుగో ఉంటాయి.

పక్కకి జరిగే స్క్రోల్ గురించి మీరు రాసిన "రెస్పాన్సివ్ కాదు" (స్క్రీన్ వెడల్పుకి తగ్గట్టు సర్దుకోదు) కూడా అలాంటి మాటే. అది వినగానే మరో నాలుగు మీడియా క్వెరీలు రాస్తాడు. అతని పేజీలో అసలు కారణం సాదా సీదాది: వెడల్పు 100 శాతం, దానిమీద రెండువైపులా 20 పిక్సెళ్ళ ప్యాడింగ్, ప్యాడింగ్‌ని వెడల్పులోనే కలుపుకోమనే బాక్స్-సైజింగ్ లేదు. లెక్క చిన్న పెట్టెతో చూపిస్తే వెంటనే ఎక్కుతుంది: వెడల్పు 300, ప్యాడింగ్ 20 ప్లస్ 20, బోర్డర్ 1 ప్లస్ 1, మొత్తం 342. 300 అని రాసింది నువ్వు, 342 తీసుకుంది బ్రౌజర్. కారణం ఎక్కడుందో వెతకడానికి నేను ఇచ్చే చిట్కా పాతదే, ఇప్పటికీ దానికి సాటి లేదు: స్టైల్ షీటు చివర, అన్ని ఎలిమెంట్లకీ వర్తించే నక్షత్రం సెలెక్టర్‌కి ఒక పిక్సెల్ ఎర్ర అవుట్‌లైన్ వేయమనండి. ఏ పెట్టె గీత దాటి బయటికి పొడుచుకొచ్చిందో కనిపిస్తుంది. బోర్డర్ వేయొద్దని మాత్రం చెప్పండి, బోర్డర్ తనూ చోటు తీసుకుని లెక్క చెడగొడుతుంది, అవుట్‌లైన్ తీసుకోదు. ఆ పని అయ్యాక వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్లు పేజీని సుమారు 980 పిక్సెళ్ళ వెడల్పు ఉన్నట్టు గీసి కుదించి చూపిస్తాయి, ఎన్ని మీడియా క్వెరీలు రాసినా ఫోన్‌లో ఒక్కటీ అంటుకోదు. పాపం దానికోసం వారాలు కొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

రంగుల సంగతి. "టెక్స్ట్ కలర్ లైట్‌గా ఉంది" అని రాశారు. అది మీ అభిరుచిలా వినిపిస్తుంది, అతని అభిరుచి అతనికుంటుంది. అంకె చెప్పండి. తెల్ల నేపథ్యం మీద #999 బూడిద రంగు కాంట్రాస్ట్ 2.85కి 1. మామూలు సైజు రాతకి కావాల్సింది కనీసం 4.5కి 1. #767676 దాకా ముదురు చేస్తే 4.54తో గట్టెక్కుతుంది. బ్రౌజర్‌లోనే ఉండే డెవ్‌టూల్స్‌లో ఆ రంగు గడి మీద నొక్కితే ఈ నిష్పత్తి అక్కడే కనిపిస్తుందని చూపిస్తే, వచ్చే ప్రాజెక్టులో మీరు చూసేలోపే తనే చూసుకుంటాడు. అభిరుచికి అంకె దొరకని చోట, అంటే ఫాంటు నచ్చలేదు, గ్రేడియంట్ మోటుగా ఉంది వగైరా, నేను నోరు కట్టేసుకుంటాను. అడిగితే తప్ప.

టు-డూ యాప్‌లో మీరు పట్టుకున్న ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ వ్యవహారం (వాడేవాడు కొట్టినదాన్ని పేజీ కోడుగా పెట్టేయడం) మంచి పట్టు. కానీ "ఎక్స్ఎస్ఎస్ వల్నరబిలిటీ ఉంది" అని రాసి వదిలేశారు. బయటివాళ్ళ కోడు మన పేజీలో నడిచే ప్రమాదం ఉందని దాని అర్థం, బిగినర్‌కి మాత్రం అది జబ్బు పేరులా ఉంటుంది. "కొత్త పని పేరు దగ్గర, బోల్డ్ ట్యాగ్ తెరిచి, ఏదో ఒక మాట రాసి, ట్యాగ్ మూసి, యాడ్ నొక్కు" అనండి. లిస్టులో ట్యాగులు మాయమై మాట లావుగా వస్తుంది. ముచ్చటగా ఉందే అనుకుంటాడు కూడా. అప్పుడు రెండో మెట్టు: అదే చోట, లేని ఫైలుని చూపించే ఇమేజ్ ట్యాగ్ పెట్టి, దాని ఆన్‌ఎర్రర్‌లో అలర్ట్ రాయమనండి. అలర్ట్ పెట్టె పైకి లేస్తుంది. "ఇది నువ్వే కొట్టావు కాబట్టి సరిపోయింది. ఇది పదిమంది రాసే కామెంట్ల పేజీ అయితే?" అని అడిగి ఆగిపోండి. కొట్టినదాన్ని ఒట్టి రాతగానే చూపించే టెక్స్ట్ కంటెంట్ వాడమని ఆ తర్వాత చెబితే చెవికెక్కుతుంది. స్క్రిప్ట్ ట్యాగుతో మాత్రం పరీక్షించమనకండి. ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ ద్వారా పెట్టిన స్క్రిప్ట్ ట్యాగు నడవదు, "చూశారా, ఏం కాలేదు" అని నిశ్చింతగా ఉండిపోతాడు.

అన్నీ ఇలా కథలా చెప్పాలా అంటే, అక్కర్లేదు. కొన్ని సూటిగా, ముందుగా, ఒక్క ముక్కలో చెప్పేయాలి. పబ్లిక్ రెపోలో ఏపీఐ కీ (బయటి సర్వీసు వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతం) కనిపిస్తే పదిమందిలో కాకుండా విడిగా చెప్పండి, వెంటనే చెప్పండి: ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకో, లైను తుడిచేస్తే చాలదు, గిట్ హిస్టరీలో పాతది అలాగే ఉంటుంది. దాంతోపాటే ఫ్రంట్ ఎండ్ కోడులో పెట్టినదేదైనా పేజీకి వచ్చిన ప్రతివాడికీ కనిపిస్తుందన్న నిజం కూడా. అలాగే లైవ్ లింకులో బొమ్మలు రాకపోవడం. అతని కంప్యూటర్‌లో అన్నీ వస్తాయి, ఎందుకంటే విండోస్ ఫైలు పేర్లలో పెద్ద చిన్న అక్షరాలు పట్టించుకోదు, హోస్టింగ్ నడిచే లైనక్స్ సర్వర్లు పట్టించుకుంటాయి. ఫైలు పేరులో జేపీజీ పెద్దక్షరాల్లో, కోడులో చిన్నక్షరాల్లో. దీన్ని పజిల్‌లా ఇచ్చి ఏడిపించడంలో అర్థం లేదు. ఇందులో ఆలోచించి తెలుసుకునేదేమీ లేదు, ఎవరో ఒకరు చెబితేనే తెలిసేది.

నేను అసలు చెప్పనివి కొన్ని ఉన్నాయి. సెమీకోలన్లు, క్లాసు పేర్ల పద్ధతి, ఫోల్డర్ల అమరిక, సింగిల్ కోట్స్ డబుల్ కోట్స్. ఇండెంటేషన్‌కి, దాన్ని తనే సర్దిపెట్టే ప్రెట్టియర్ ఒకటి పెట్టుకోమని ఒక మాట, అక్కడితో సరి. అన్నిటికంటే చెడ్డ సలహా మాత్రం మీ 23వ పాయింటు, ఏమీ అనుకోకండి: "ఇదే రియాక్ట్‌లో చేస్తే బాగుంటుంది." రియాక్ట్ వేరే లైబ్రరీ, అతను చేసిన పని మీద అది మాటే కాదు. నువ్వు చేసిందానికి విలువ లేదు, ఇంకోటి చెయ్ అన్నట్టు వినిపిస్తుంది. పైగా బటన్‌కి బదులు డివ్ పెట్టే అలవాటు రియాక్ట్‌లోకి వెళ్ళినా అలాగే వెంట వస్తుంది. ఫ్లోట్ అనే పాత పద్ధతితో లేఅవుట్ చేశాడన్నది వేరే కథ. దాని బదులు వాడే గ్రిడ్ 2017లోనే ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చేసింది, అయినా ఫ్లోట్ వాడుతున్నాడంటే చూస్తున్న పాఠం పాతదని అర్థం. అక్కడ కోడుని అనడం కన్నా ఆ పాఠం ఎక్కడిదో అడిగి, తేదీ చూసుకోమని చెప్పడం మేలు. ఎండీఎన్‌లో (వెబ్ టెక్నాలజీల వివరాలు దొరికే సైటు) వెతకడం అలవాటు చేయండి, అది చాలు.

మెచ్చుకోలు గురించి అడిగారు కదా, ముందో రెండు మంచి మాటలు, మధ్యలో విమర్శ, చివర మళ్ళీ మంచి మాట, ఇలా రాయాలా అని. నేను రాయను. ఆ కొలత రెండోసారికే పసిగడతారు, మంచి మాట రాగానే వెనక ఏదో ఉందని భుజాలు బిగుస్తాయి. ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన ఎన్నో ప్రయోగాలని కలిపి 1996లో క్లూగర్, డినిసీ అనే పరిశోధకులు లెక్క తీస్తే, మూడో వంతుకి పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు మెరుగుపడకపోగా తగ్గింది. మాట పనిమీద నుంచి మనిషి మీదికి మళ్ళినకొద్దీ ఫలితం పలచబడుతుందని వాళ్ళ వివరణ. 2007లో హాటీ, టింపర్లీ కూడా దాదాపు అదే చెప్పారు, మనిషిని మెచ్చుకునే మాట నేర్చుకోవడానికి అన్నిటికంటే తక్కువ పనికొస్తుందని. "సూపర్ బ్రో, నీలో టాలెంట్ ఉంది" అంటే సంతోషిస్తాడు, రేపు ఏం చేయాలో మాత్రం అందులో లేదు. అదే "పని పేరు ఖాళీగా ఉన్నప్పుడు ఎర్రర్ మాట ఇన్‌పుట్ కిందే చూపించావు, అలర్ట్ వేయలేదు, అది అలాగే ఉంచు" అంటే, తను యాదృచ్ఛికంగా చేసిన మంచి పని ఇకపై తెలిసి చేస్తాడు. బిగినర్‌కి తను చేసినవాటిలో ఏది సరైందో కూడా తెలియదు. మీరు చెప్పకపోతే తర్వాతి సవరణలో దాన్నీ తీసేస్తాడు.

ఇక భాష. తెలుగులో రాసేటప్పుడు మనకో సదుపాయం ఉంది, కర్త లేకుండా వాక్యం నడుస్తుంది. "నువ్వు ఎర్రర్ హ్యాండిల్ చేయలేదు" అనేదాన్ని "నెట్ ఆపేసి నొక్కితే బటన్ ఊరికే తిరుగుతూ ఉండిపోతోంది" అని రాయొచ్చు. మనిషి తప్పుకున్నాడు, పేజీ ముందుకొచ్చింది. "ఎందుకిలా చేశావ్?" అన్నది మాత్రం జాగ్రత్త. ఇంగ్లీషులో అది మామూలు ప్రశ్నగా చెల్లుతుందేమో, మన చెవికి చిన్నప్పటినుంచీ అది తిట్టే. "ఇక్కడ ఏం అనుకుని ఇది పెట్టావు?" అంటే జవాబు వస్తుంది. "జస్ట్", "సింపుల్‌గా", "ఇంతేగా" లాంటివి రాశాక వెనక్కి వెళ్ళి తీసేయండి. రెండు రోజులు కొట్టుకున్నవాడికి అది "ఇంతేగా" కాదు.

ఈ మధ్య ఇంకో తలనొప్పి. కోడు తను రాసిందా, ఎక్కడినుంచో తెచ్చి అతికించిందా, ఏఐ రాసిచ్చిందా తెలియదు. నేను ఆరా తీయను. చిన్న మార్పు ఒకటి అడుగుతాను: "పూర్తయిన పనులు లిస్టులో కిందికి వెళ్ళేలా చేయగలవా?" తను రాసిన కోడైతే తడుముకుంటూ అయినా చేస్తాడు. కాకపోతే అక్కడ ఆగుతాడు, ఆ ఆగినచోటే మొదలుపెట్టొచ్చు. నిందా లేదు, విచారణా లేదు.

మీ కుర్రాడికే నేను రాయాల్సి వస్తే ఇలా రాస్తాను. కాపీ కొట్టుకోమని కాదు, పొడవు ఎంత ఉంటుందో చూడ్డానికి:

"పేజీ చూశాను. టు-డూలో రీలోడ్ చేసినా పనులు పోకుండా లోకల్ స్టోరేజ్‌లో పెట్టడం, తీసేటప్పుడు జేసన్ పార్స్ చేయడం చక్కగా కుదిరింది, అది కదపకు. ఈసారికి రెండే చెబుతాను. ఒకటి, పరిచయం పేరాని రెట్టింపు చేసి పేజీ చూడు, కార్డుల దగ్గర ఏమవుతోందో గమనించు. తర్వాత పొజిషన్ లైన్లు కామెంట్లో పెట్టి మళ్ళీ చూడు. రెండు, మౌస్ ముట్టుకోకుండా ఒక పని చేర్చి, ఒకటి తుడిచి చూడు. ఏం కనిపించిందో రాయి, అక్కడినుంచి మాట్లాడుకుందాం. ఇంకా చిన్నచిన్నవి ఉన్నాయి, వాటికి తొందర లేదు."

'ఏం కనిపించిందో రాయి' అన్న ముక్క లేకుండా పంపకండి. సవరించి పంపు అంటే పరీక్షలా ఉంటుంది, సవరించలేకపోతే సిగ్గుపడి మాయమైపోతాడు. చూసింది రాయడానికి ఎవరికీ సిగ్గుండదు. జవాబు వచ్చాక ఆ రెండిటి మీదే ఉండండి. మూడోది కనిపించినా, చేతులు ఎంత దురద పెట్టినా సరే.

మూడు వారాల మౌనం తర్వాత మళ్ళీ రాయడం ఇబ్బందిగా ఉందన్నారు. "మొన్న ఒకేసారి చాలా రాసేశాను, అవన్నీ ఇప్పుడు చేయాల్సినవి కావు, ఈ రెండూ చూడు చాలు" అని పై సందేశానికి ముందు ఒక వాక్యం పెట్టండి. ఆ 23 పాయింట్ల ఫైలు మాత్రం పారేయకండి. మూడో ప్రాజెక్టో నాలుగోదో పంపిన రోజు దాన్ని అతనికే ఇచ్చి, ఇందులో ఏవి ఇప్పుడు నీ పేజీలో లేవో టిక్ పెట్టు అనండి.